పదకొండో దింపుడు కళ్ళం

కొలెస్ట్రాల్ సూది ఊరందరికీ వేశాక గుండెపోటు మాటే లేకుండా పోయింది. ఆ సూది ఆపేసి పదేళ్ళయినా, దానివల్ల కండల్లోంచి పోయిన సత్తువ మాత్రం ఎవరికీ తిరిగి రాలేదు.

భద్రయ్య భార్య కాసులమ్మ పోయింది. పాడెను పన్నెండు మంది మోస్తున్నారు. ప్రాణం మిగిలుంటే పలుకుతారని, దారిలో ఒక్కచోట దించి చెవిలో మూడుసార్లు పేరు పిలవడం ఆనవాయితీ. వీళ్ళు పాతిక అడుగులకోసారి దించుతున్నారు.

"భుజాలు లాగేత్తన్నాయి బాబాయ్, దించేత్తన్నాం. పిలవండి," అన్నాడు ముందున్న సత్తిరాజు.

దించినప్పుడల్లా పిలవాల్సిందే. మొదటిసారి భద్రయ్య ఆశగా ఊపిరి బిగబట్టాడు. పదకొండోసారి మోకాళ్ళు పట్టుకుని అతికష్టం మీద వంగాడు.

"కాసులూ... కాసులూ..."

మూడోసారి పిలవడానికి భయమేసింది. పలికితే, ఇంటిదాకా మళ్ళీ మోసే ఓపిక ఎవరికుంది?