ఆవిడ వాటా

ఆఫీసు ఊడ్చే అక్క చనిపోయి మూడు నెలలైంది. అయినా హాజరు మిషన్‌లో రోజూ రాత్రి ఆమె వేలిముద్ర పడుతూనే ఉంది. దాన్ని చూసి జీతాల సాఫ్ట్‌వేర్ ఆమె పీఎఫ్ వాటా జమ చేస్తూనే ఉంది. కంపెనీ వాటా మాత్రం మేనేజర్ ఆపించేశాడు.

"రేపు ఆడిట్. ఆ తప్పు సరిదిద్దే వెళ్ళు," అని నాకు చెప్పి ఆయన ఇంటికి పోయాడు.

ఆమె వాటా సున్నా చేసి సేవ్ నొక్కాను. వరండాలో చీపురు చప్పుడు మొదలైంది. స్క్రీన్ వైపు చూస్తే సున్నా పోయి, పాత అంకే ఉంది.

ఒళ్ళు జలదరించింది. ఆ వెంటనే ఒళ్ళు మండింది. తల్లి పీఎఫ్ డబ్బు కోసం ఆమె కూతురు మా గేటు చుట్టూ కాళ్ళరిగేలా తిరుగుతోంది.

మేనేజర్‌కి ఫోన్ చేశాను.

"సార్, ఆవిడ వాటా తియ్యను. మన వాటా కలుపుతున్నా."

"పిచ్చి పట్టిందా? పోయినవాళ్ళకి ఎవరైనా పీఎఫ్ కడతారా?"

"పని చేయించుకుంటున్నాం కదా, కట్టాల్సిందే. కావాలంటే వినండి."

ఫోన్ వరండా వైపు పట్టుకున్నాను.

"ఎవరమ్మా ఊడుస్తున్నది?" గొంతు పీలగా వచ్చింది.

"మీకు తెలుసు సార్," అని పెట్టేశాను.

కంపెనీ వాటా వేసి సేవ్ నొక్కాను. ఈసారి అంకె కదల్లేదు. చీపురు చప్పుడు గుమ్మం దాటి గదిలోకి వచ్చింది. మనిషి కనబడలేదు. చప్పుడు నా బల్ల దగ్గరకొచ్చి ఆగింది.

"కానివ్వక్కా," అంటూ ఎప్పటిలాగే కాళ్ళు పైకెత్తాను.