గోదావరి పొద్దు, బాలమణి పొద్దు

"అండమాన్ పోతే పొద్దు పొడిచేది చూడాలె. అది చూడనోళ్ళు పోయినా పోనట్టే," అంది పెద్దకోడలు గోదావరి, బీడీకి దారం చుడుతూ.

"పొడిచే పొద్దు మన నీలం నగర్ల లేదా? అక్కడ చూసేదేమన్న ఉంటే అది గూకే పొద్దే," అంది తలుపు లేని గుమ్మానికి అవతలి గదిలోంచి చిన్నకోడలు బాలమణి.

మళ్ళీ మొదలైంది. వాకిట్లో కూర్చున్న మామ పెంటప్ప తల పట్టుకున్నాడు.

బాలమణి అన్నకు పోర్ట్‌బ్లెయిర్‌లో ఉద్యోగం. ఆ ఎండాకాలం పెంటప్ప కొడుకులిద్దరూ పెళ్ళాలతో మద్రాసులో ఓడెక్కి వెళ్ళొచ్చారు. వెళ్ళేటప్పుడు కోడళ్ళిద్దరూ సొంత అక్కాచెల్లెళ్ళలాగే ఉన్నారు. వచ్చేటప్పటికి ఎడమొహం పెడమొహం.

జరిగింది ఇంతే. ఆ దీవిలో ఐదు కొట్టకముందే తెల్లవారిపోతుంది. గోదావరి చీకట్లోనే లేచి తూర్పు ఒడ్డుకు పోయి, సముద్రంలోంచి సూర్యుడు లేవడం చూసింది. బాలమణి ముసుగు తీయలేదు. సాయంత్రం టీ తాగగానే బాలమణి దీవి కొసన పడమటి దిక్కు కనపడే చిడియా టాపుకు పోయి, సూర్యుడు నీళ్ళలో మునగడం చూసింది. అప్పటికి గోదావరి గుర్రు పెడుతోంది. ఉన్నన్ని రోజులూ అదే వరస. ఒకరు చూసింది ఇంకొకరు చూడలేదు. తాము చూడనిది బాగుంటుందని ఒప్పుకునే మనుషులు కారు ఇద్దరూ.

శ్రావణం వచ్చేసరికి మాటలు బందయ్యాయి. ఒకరి గడప ఒకరు తొక్కమని ఒట్టు పెట్టుకున్నారు. దసరా దగ్గర పడ్డాక గోదావరి అసలు మాట బయటపెట్టింది.

"మామా, ఇగ మాకు వేరు పొయ్యి పెట్టియ్యి."

"మాకు గూడ. మగ్గాలు చెరి రెండు పంచు," అంది బాలమణి. ఇన్నాళ్ళకు ఇద్దరూ ఒక్క మాట మీదికి వచ్చారు.

భవాని పేట్‌లో ఎవరిదో మగ్గం మీద కూలికి నేసి, చివరికి రెండు వైపులా పరుచుకునే చద్దరు దుప్పట్లు నేసే నాలుగు మగ్గాల కార్ఖానా పెట్టిన మనిషి పెంటప్ప. అవి పంచితే రెండిళ్ళూ నడవవు. ఆ సంగతి అలా ఉంచితే, ఈ వయసులో కంచం ఏ పొయ్యి ముందు పెట్టుకోవాలో తేల్చుకోవడం అతని వల్ల కాదు.

"ఏం చేస్తే కలిసుంటరు బిడ్డా?" అని బతిమాలాడు.

గోదావరి కాస్త మెత్తబడింది. "నా పొద్దు పొడుపును చద్దరు మీద నేసి నా గదిల కట్టు. కండ్లు తెరవంగనే కనపడాలె. గని ముందు నాదే నెయ్యాలె."

"నా పొద్దు గూకుడు గూడ నెయ్యి. ముందు నాదే నెయ్యాలె," అంది బాలమణి.

పెంటప్ప ఇద్దరికీ సరేనన్నాడు. అతని భార్య యల్లమ్మ నోరు తెరిచింది. "పండుగ గిరాకీకి ఒక్క మగ్గం ఖాళీ లేదు. కొత్త బొమ్మంటే మగ్గానికి మల్ల ఆ బొమ్మకు తగ్గట్టు చిల్లులేసిన కొత్త అట్టలు కొట్టియ్యాలె. రెండు బొమ్మలు ఎట్ల నేస్తవయ్యా?"

"ఉగీచ్ ఫికర్ చెయ్యకు, ఉత్తగనే పరేషానైతవ్," అన్నాడు పెంటప్ప.

దసరా పొద్దున యల్లమ్మ కోడళ్ళను మార్కండేయ గుడికి తీసుకుపోయింది. తిరిగొచ్చి ఎవరి గదిలోకి వాళ్ళు వెళ్ళారు.

గోదావరి గదిలో తెల్లవారింది. పసుప్పచ్చని ఆకాశం, ఎర్రటి సూర్యుడు, ఎడమ పక్కన వంగిన కొబ్బరిచెట్టు. "అచ్చం గిట్లనే ఉండె," అని ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

బాలమణి గదిలో పొద్దు గూకింది. ఎర్రటి ఆకాశం, పసుప్పచ్చని సూర్యుడు, కుడి పక్కన వంగిన కొబ్బరిచెట్టు. ఆమె చూపు తిప్పకుండా అలాగే మంచం మీద కూర్చుండిపోయింది.

"చెయ్యి పెట్టకుండ్రి, మాసిపోతది," అని పెంటప్ప ఇద్దరికీ గట్టిగా చెప్పాడు.

కాసేపటికి గోదావరి అతని దగ్గరికి మెల్లగా వచ్చింది. "నిజం చెప్పు మామా, ముందు ఎవరిది నేసినవ్?"

"నీదానికన్న ముందు ఇంకోటి నెయ్యలే బిడ్డా."

ఆమె వెళ్ళాక బాలమణి వచ్చి అదే అడిగింది. ఆమెకూ అదే చెప్పాడు. అబద్ధమాడే అలవాటు పెంటప్పకు లేదు.

రెండో స్థానంలో మిగిలిపోయిన చెల్లె మీద గోదావరికి జాలి పుట్టింది. పాపం అక్క అని బాలమణి కూడా జాలిపడింది. మధ్యాహ్నం ఇద్దరూ ఒకే పొయ్యి ముందు కూర్చుని గారెలు వేశారు. నూనె కాగలేదని ఒకరు, కాగిందని ఒకరు తగువుపడ్డారు. వేరు పొయ్యి మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు.

కోడళ్ళిద్దరూ వంటింట్లో ఉండగా, ఆ రెండు చద్దర్లూ ఎలా ఉన్నాయో చూద్దామని యల్లమ్మ గదుల్లోకి వెళ్ళింది.

రెండు గదుల మధ్య ఉన్న తలుపు లేని గుమ్మానికి పెంటప్ప కట్టింది ఒక్కటే దుప్పటి.