గుర్రాల కోసం వచ్చిన బండి

గాజు తొట్టిలో బుడగలు ఆగిపోయాయి.

ఆరు సముద్రపు గుర్రాలు, గుర్రం మూతి ఉన్న వేలెడంత చేపలు, ప్లాస్టిక్ మొక్కకు తోకలు చుట్టుకుని నోళ్లు తెరుస్తున్నాయి. ఆగయ్య లోటాతో నీళ్లు ముంచి, చెయ్యి పైకెత్తి, మళ్లీ ఆ తొట్టిలోకే ధారగా పోస్తున్నాడు. గాలి పంపు పనిచేయనప్పుడు నీళ్లలో గాలి కలవాలంటే అదొక్కటే దారి. భుజం పీకేస్తోంది. అయినా ఆపడం లేదు.

సూరత్‌లో, ఆల్థాన్‌లోని ఈ ఇల్లు సేఠ్‌ది. లాక్‌డౌన్ పెట్టగానే ఆయన పెళ్లాం పిల్లలతో కామ్‌రేజ్ దగ్గరున్న ఫామ్‌హౌస్‌కు వెళ్లిపోయాడు. పర్వత్ పాటియాలోని ఆయన మగ్గాల షెడ్డుకు తాళం పడింది. తోటివాళ్లంతా మూటలు నెత్తిన పెట్టుకుని ఊరి దారి పట్టారు. మగ్గాలు బాగుచేసే ఫిట్టర్ ఆగయ్యను మాత్రం సేఠ్ ఆపేశాడు. "మోటార్ల పని తెలిసినవాడివి. మా గుర్రాలను చూసుకో" అని ఇంటి వెనక గది ఇచ్చాడు. భార్య వెంకటవ్వతో సహా ఆగయ్య ఉండిపోయాడు.

ఇప్పుడా వెనక గదిలో వెంకటవ్వకు ఊపిరాడటం లేదు.

జ్వరం దగ్గయింది, దగ్గు ఆయాసమైంది. అంబులెన్సుకు ఫోన్ కలవదు. ఆటోవాళ్లు సంగతి వినగానే ఫోన్ పెట్టేస్తున్నారు. నిన్న సేఠ్‌కు ఫోన్ చేసి, కారు పంపమని ఆగయ్య ఏడ్చాడు.

"పాస్ లేకుండా కారు రోడ్డెక్కితే పోలీసులు ఊరుకుంటారా? పాలల్లో పసుపేసి హల్దీ దూధ్ తాగించు. తగ్గిపోతుంది" అన్నాడు సేఠ్. భలే వైద్యుడు!

షెడ్డులో ఒక మాట ఉండేది. మనిషి పడిపోతే సేఠ్ రాడు, మగ్గం ఆగితే చెప్పులు మరిచి ఉరికొస్తాడు. అది ఫిట్టర్లకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు.

ఇవాళ పొద్దున పంపు సంగతి చెప్పడానికి ఫోన్ చేస్తే సేఠ్ వెంటనే ఎత్తాడు. వీడియోలో చూపించమన్నాడు. పంపు లోపలి రబ్బరు పోయిందని, దుకాణాలన్నీ బంద్ అని ఆగయ్య తనకొచ్చిన హిందీలో చెప్పాడు. సేఠ్ ఫోన్‌లోనే అరిచాడు.

"అరే, అందులో మగది కడుపుతో ఉంది! ఆ జాతిలో మగవే కంటాయి. మా పాప వాటి కోసం ప్రాణం పెడుతుంది. చచ్చాయో, నిన్ను వదలను. బండి పంపిస్తున్నా. వచ్చేదాకా ఎలాగైనా బతికించు."

నిన్న లేని పాస్ ఇవాళ ఎక్కడి నుంచి ఊడిపడిందో!

ఎండ ముదిరింది. ఆగయ్య ఫ్రిజ్‌లోంచి ఐసు సీసాలు తెచ్చి తొట్టిలో వేశాడు. మళ్లీ లోటా అందుకున్నాడు.

వెంకటవ్వ గోడ పట్టుకుని హాలు గుమ్మం దాకా వచ్చింది. అక్కడే కూలబడింది.

"జర నా ఈపు రాయరాదయ్యా. ఊపిరాడ్తలేదు."

"పోయి పండుకోవే. బండి వస్తది. జర ఓపిక పట్టు."

"బండి గా చేపలకొస్తది. నాకొస్తదా?" దగ్గు ఆగాక మళ్లీ అంది. "నీ ఎంబడి సూరత్ అచ్చి సగం జిందగీ అయిపాయె. ఆఖరికి నాకన్న గా పురుగులే ఎక్కువైనయా నీకు?"

ఆగయ్య చెయ్యి ఆపలేదు. ఆపితే గుర్రాలు చస్తాయి. అవి చస్తే సేఠ్ బండిని సగం దారిలోంచే వెనక్కి పిలుస్తాడు. కళ్ల నీళ్లు తొట్టిలో పడ్డాయి. ఎలాగూ అవీ ఉప్పునీళ్లే.

వెంకటవ్వ మొహం గోడకు తిప్పుకుంది.

కారు వచ్చింది. ముందు అద్దానికి పాస్ అంటించి ఉంది. దిగినవాడు సేఠ్ డ్రైవర్ నర్సింగం, ఆగయ్య ఊరి పక్క ఊరివాడే. థర్మాకోల్ పెట్టె, బ్యాటరీతో నడిచే చిన్న పంపు తెచ్చాడు. ఇద్దరూ కలిసి గుర్రాలను పెట్టెలోకి మార్చారు. బుడగలు లేచాయి. కడుపుతో ఉన్నది కూడా కదిలింది.

ఆగయ్య నర్సింగం చేతులు పట్టుకున్నాడు.

"తమ్మీ, నీ కాల్మొక్త. పోయే తొవ్వల దవఖాన ముందట మీ వదినెను దించి పోరా. ఓ మూలకు కూసుంటది."

"సేఠ్ గట్టిగ జెప్పిండే అన్నా. దగ్గేటోళ్లను ఎక్కియ్యద్దన్నడు. నాకూ పిల్లలున్నరు."

"నువ్వు మనోనివి గాదురా?"

"గందుకే నీ మొఖం సూడలేకపోతున్న."

ఆగయ్య సేఠ్‌కు ఫోన్ కలిపాడు. మాట పూర్తి కాకముందే సేఠ్ అడ్డుకున్నాడు. "పాస్ మూగజీవాల పేరు మీద తీశాను. మనిషి కనబడితే నాకు కేసు. ముందు గుర్రాలను పంపించు."

ఆగయ్య పరుగెత్తి గేటుకు అడ్డం నిలబడ్డాడు. నర్సింగం హారన్ కొట్టలేదు. కారు దిగి, దండం పెట్టి, అతన్ని రెక్క పట్టుకుని పక్కకు జరిపాడు. అద్దాలు మూసుకున్నాయి. ఏసీ చల్లదనంలో గుర్రాలు కామ్‌రేజ్ వెళ్లిపోయాయి.

ఆగయ్య లోపలికి వచ్చాడు. వెంకటవ్వ గోడవైపు తిరిగే ఉంది.

"ఏమే..."

భుజం తట్టాడు. తల పక్కకు వాలిపోయింది.

ఆగయ్య ఆమె పక్కన కూలబడి, సేఠ్ బండి ఎలాగైనా ఈ ఇంటికి రావాలని పొద్దున తన చేతులతోనే పంపు విప్పి పీకి దాచిన రబ్బరు బిళ్లను జేబులోంచి తీసి, ఆమె చల్లబడిన అరచేతిలో పెట్టి, వేళ్లు మూశాడు.