రాయని చివరి వరుస

"తప్పు మనది కాదు. వాళ్లే ఆపేసుంటారు. మెత్తగా మాట్లాడకు, గట్టిగా అడుగు," అంటూ మేనేజరు నంబరు నొక్కి, ఫోను స్పీకర్లో పెట్టి, కొత్త ఇంజినీరు ముందుకు తోశాడు.

ఉదయం నుంచి ఆసుపత్రికి ఇంటర్నెట్ లేదు. ఆ లైను ఇచ్చింది వీళ్ల చిన్న కంపెనీయే. వీళ్ల రౌటర్, వీళ్లకు లైనిచ్చే పెద్ద కంపెనీ రౌటర్‌తో కలిస్తేనే అక్కడివాళ్లకు బయటి ప్రపంచం అందుతుంది. ఏయే అడ్రసులకి దారి, అంటే రూటు, తన దగ్గరుందో వీళ్ల రౌటర్ దానికి చెబుతుండాలి. ఆసుపత్రిలో ఒక రోగిని ఆపరేషన్‌కి సిద్ధం చేసి కూర్చున్నారు. వేరే ఊళ్లో ఉన్న పెద్ద డాక్టరు స్కాన్ చూసి సరేనంటే గానీ కత్తి పట్టరు. ఆ స్కాన్ ఆసుపత్రి గడప దాటడం లేదు.

అవతల ఫోను ఎత్తారు.

"రూటింగ్ విభాగం. చెప్పండి." ఆడగొంతు.

మేనేజరు మొహం పాలిపోయింది. చటుక్కున మ్యూట్ నొక్కాడు.

"కత్తెర మేడమ్ రా బాబూ! కాస్త అనుమానం వస్తే చాలు, ఎంతటి రూటునైనా కత్తిరించి పారేస్తుంది. అయిపోయాం!" అని తల పట్టుకుని, మళ్లీ మ్యూట్ తీశాడు.

ఇంజినీరు కుర్చీలో నిటారుగా సర్దుకున్నాడు.

"మేడమ్, మా ఆసుపత్రి రూట్లు మీరేమైనా ఆపారా?"

"మేమేం ఆపలేదండీ. నిన్నటిదాకా ఆ అడ్రసుల బ్లాకు మీ దగ్గర్నుంచి ఒకే ముక్కగా వచ్చేది. ఇవాళ అసలు రావడమే లేదు. ఏం మార్చారు?"

"ఆసుపత్రికి రెండో భవనం వచ్చింది మేడమ్. అందుకని ఆ బ్లాకుని రెండు సగాలు చేశాను, భవనానికొకటి. పాత పెద్ద ముక్క తీసేసి ఈ రెండూ పంపిస్తున్నాను."

"పంపిస్తున్నారు సరే. పోతున్నాయా?"

ఇంజినీరు తడబడ్డాడు. "పోవాలి కదా మేడమ్..."

"మీ ప్రిఫిక్స్ లిస్టు తెరవండి."

ఏ రూటు బయటికి పోవచ్చో, ఏది పోకూడదో రౌటర్‌కి వరుసగా రాసిచ్చేదే ఆ లిస్టు. ఇంజినీరు తెరిచాడు.

"ఆ బ్లాకుకి పర్మిట్ ఉంది మేడమ్. ఈ సగాలు దాన్లోవే. పెద్దవాళ్లకి తలుపు తీస్తే వెంట ఉన్న పిల్లలకీ తీసినట్టే కదా?"

"మీ ఇంట్లో అంతే కావచ్చు. రౌటర్లో కాదు. ఆ వరుస పైకి చదవండి."

"పర్మిట్... అడ్రసు... స్లాష్ ఇరవై రెండు." ఆ చివరి అంకె బ్లాకు పొడవు; బ్లాకుని సగం చేస్తే అది ఒకటి పెరుగుతుంది.

"తర్వాత?"

"తర్వాతేం లేదు."

"మీ సగాల పొడవెంత?"

"ఇరవై మూడు." ఆ మాట నోటివెంట వచ్చాక అతని కళ్లు స్క్రీన్ మీద ఆగిపోయాయి. "అంటే... అడ్రసు దాన్లోదే అయినా పొడవు కూడా కలవాలా మేడమ్?"

"మీరు విడిగా చెప్పకపోతే అది అచ్చంగా ఇరవై రెండునే ఒప్పుకుంటుంది. ఇరవై మూడు దానికి పరాయివాడే."

"కానీ వాటిని ఆపమని కూడా నేనెక్కడా రాయలేదు కదా!"

"పై నుంచి ఒక్కో వరుసే చూసుకుంటూ వచ్చింది. ఏదీ కుదరలేదు. లిస్టు అడుగుకి చేరింది. అక్కడేముంది?"

ఇంజినీరు అడుగున ఉన్న ఖాళీ వంక చూశాడు.

"ఏం లేదు... కాదు, ఉంది. రాయకపోయినా ఉండే వరుస. కుదరనివన్నీ ఆపెయ్యమని."

"ఇప్పుడు చెప్పండి, ఎవరాపారు?"

"నేనే మేడమ్."

మేనేజరుకి ఓపిక నశించింది. ఇంజినీరు భుజం మీద కొట్టి, "పాఠాలు తర్వాత! అన్నిటికీ పర్మిట్ ఇచ్చిపారెయ్! అక్కడ రోగి ఎదురుచూస్తున్నాడు," అన్నాడు. మ్యూట్ లేదన్న సంగతి మరిచిపోయాడు.

"ఎవరండీ ఆ మాటన్నది?"

ఇంజినీరు వేళ్లు కీబోర్డు మీద ఆగాయి. మేనేజరు కళ్లతోనే 'కానియ్' అంటున్నాడు.

"వద్దు సార్," అన్నాడు ఇంజినీరు నెమ్మదిగా. "అన్నీ తెరిస్తే ఇంకో కంపెనీ నుంచి మనకొచ్చిన రూట్లు కూడా మేడమ్ వైపు పోతాయి. ఎవరెవరి ట్రాఫిక్కో మన సన్న లైనులోకి వచ్చి పడుతుంది. అప్పుడు ఆసుపత్రితో పాటు మనమూ మునుగుతాం. ఎంత కావాలో అంతే ఇస్తాను."

ఆ వరుస చివర 'ఇరవై మూడు దాకా' అన్న షరతు చేర్చి ఎంటర్ కొట్టాడు.

అవతల కీబోర్డు టకటకలాడింది.

"వచ్చాయి. రెండూ. మా లిస్టు కూడా ఒప్పుకుంది," అంది అవతలి గొంతు. "ఇకమీదట పంపాననుకుని ఊరుకోకండి. పోయిందో లేదో చూసుకోండి." ఠక్కున పెట్టేసింది.

ఆ వెంటనే ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. స్కాన్ వెళ్లింది, పెద్ద డాక్టరు సరేనన్నారు, రోగిని లోపలికి తీసుకెళ్తున్నారు. ఇంజినీరు హాయిగా వెనక్కి వాలాడు.

మేనేజరు మొహం తుడుచుకున్నాడు.

"నాలుగు ముక్కల్లో చెప్పొచ్చుగా! అడుగడుగునా ప్రశ్నలే. ఆవిడతో ఇంట్లోవాళ్లు ఎలా వేగుతున్నారో పాపం!"

"అలా అడిగింది కాబట్టే నా బుర్రకెక్కింది సార్," అంటూ ఇంజినీరు మార్పులు సేవ్ చేసుకుంటున్నాడు. ఇంతలో అతని సెల్ మోగింది. రెండు చేతులూ కీబోర్డు మీదే ఉండటంతో మోచేత్తోనే స్పీకర్ నొక్కాడు.

"ఒరేయ్ నాన్నా," అంది కత్తెర మేడమ్ గొంతు, "డబ్బా ఇంట్లోనే వదిలేసి పోయావు, ఏమైనా తిన్నావా లేదా?"