మూడో గిన్నె ఖాళీ

"నా పుట్టగొడుగులు యాడబోయినాయి?"

హేమలత కేకకు వసారాలో కోళ్లు చెదిరిపోయాయి. గంపలో ఐదు గిన్నెలు. పెరుగు ఉంది, కుంట నీళ్లు ఉన్నాయి, వేరుశనగ మొక్క ఉంది, మిడత ఉంది. మూడో గిన్నె ఖాళీ.

బస్సుకు అరగంటే టైముంది. కళ్యాణదుర్గంలో సైన్సు ప్రదర్శన ఈరోజే. జీవులకు ఐదు రాజ్యాలు. ఒక రాజ్యమే లేకపోతే టీచరు బల్ల దగ్గరికి కూడా రానివ్వదు. "పుట్టగొడుగు చెట్టూ కాదు, జంతువూ కాదు, దాని రాజ్యమే వేరు, శిలీంధ్రాల రాజ్యం" అని పొద్దున్నుంచి గొంతు పోయేలా వల్లె వేసింది. ఏడాదికి కురిసిన ఒక్క వానకు మొలిచినవి. మళ్లీ దొరకవు.

పొయ్యి మీద బాండ్లి ఇంకా వేడిగా ఉంది.

"నీ కొంగుకు తిరగమాత వాసన వస్తాంది" అన్నాడు నాయన బాలప్ప.

"రోజూ వస్తాది. పొయ్యి ఊదేది నేనే కదా! శనివారం నీచు తింటానా నేను?" అమ్మ ఉమాదేవి ఎగిరిపడింది.

నిజమే. ఆ ఇంట్లో పుట్టగొడుగంటే మాంసంతో సమానం. శనివారం ఎవరూ ముట్టరు. ఆ కట్టడి పెట్టింది అవ్వ తిప్పమ్మే.

"నా ఇంట్లో దొంగా?" అవ్వ చీపురు పట్టుకుని వచ్చింది. "రాండి. దీపం ముట్టి చెప్పండి." అందరికన్నా ముందు తనే చెయ్యి పెట్టింది. "ఈపొద్దు నేను నీచు ముట్టలేదు!"

పుట్టగొడుగులు తినలేదని బాలప్ప చెప్పాడు. ఉమాదేవీ అదే చెప్పింది. ఎవరి గొంతూ తడబడలేదు. దీపం మీద అబద్ధమాడే మనుషులు కారు.

హేమలత అవ్వ వైపు తిరిగింది. "అవ్వా, ఇంగోసారి. నీచని కాదు. పుట్టగొడుగులు తినలేదని చెప్పు."

తిప్పమ్మ చెయ్యి దీపం దాకా పోయి ఆగిపోయింది.

"చెట్టూ కాదు, జంతువూ కాదని పొద్దున్నుంచి అరిచింది నీవే కదే! జంతువు కానిది నీచు ఎట్లయితాది? ముప్పై ఏండ్లు శనివారం ఊరికే నోరు కట్టుకుంటి!"

"మరి నా మూడో గిన్నె?" హేమలతకు ఏడుపొచ్చింది.

అవ్వ మూతి తుడుచుకుని చెప్పులు తొడుక్కుంది.

"పదమ్మే, నేనూ వస్తా. ఆ గిన్నె పక్కన నన్ను కూర్చోబెట్టు. శిలీంధ్రాలు యాడని అడిగితే, తిప్పమ్మ కడుపులో ఉండాయని చెప్పు!"