మెర్వ్ వంతు

డార్సీ తాగుడు మానేసి వారమైనా కాలేదు. గొర్రెల షెడ్డులో ఉన్న బీరు ఫ్రిజ్‌ను తనే ఖాళీ చేసి ప్లగ్ పీకేశాడు. అయినా ఆ రాత్రి అది గుర్రుమంటూనే ఉంది. వరండాలో కూర్చున్న అతనికి స్పష్టంగా వినిపిస్తోంది.

అక్క నోరీన్‌కి ఫోన్ చేశాడు. ఆమె కూడా ఒకప్పుడు తాగి, మానేసిన మనిషే.

"ఎందుకు మానానో గుర్తు రావట్లేదే అక్కా."

"రాకపోతే పోనీరా. ఈ రాత్రి గడిస్తే చాలు. టీ కాచుకో."

"చచ్చిపోయిన మెర్వ్ నా వంతు మందు అడుగుతున్నట్టుంది."

డార్సీ, మెర్వ్ లాంటి గొర్రెల ఉన్ని కత్తిరించేవాళ్లు వంతులవారీగా ఒకరికొకరు మందు పోయించుకుంటారు. వంతు ఎగ్గొట్టినవాడికి పరువుండదు. ఆఖరిసారి పోయించింది మెర్వ్. ఇంటికెళ్తూ దారిలోనే బండి బోల్తాపడి చనిపోయాడు. డార్సీ వంతు అలాగే మిగిలిపోయింది.

"అయితే వాడికీ టీయే పొయ్యి. నీ దగ్గర ఇప్పుడున్నది అదేగా!" అని నవ్వి ఫోన్ పెట్టేసింది నోరీన్.

డార్సీ రెండు కప్పుల టీ కాచి, ఒకటి మెట్టు మీద పెట్టాడు. "ఇదిగోరా, నా వంతు."

ఫ్రిజ్ ఠక్కున ఆగింది. చీకట్లో ఎవరో టీ ఊదుకుంటూ తాగుతున్న చప్పుడు. డార్సీకి భయం వేయలేదు. మందు వదిలేస్తే మెర్వ్‌ని కూడా వదిలేసినట్టేమో అన్న దిగులు అప్పటికి తీరింది.

ఖాళీ కప్పును ఎవరో మెట్టు మీద పెట్టారు.

తర్వాత షెడ్డులో ఫ్రిజ్ తలుపు తెరుచుకుంది. లోపల సీసాలు గలగలమన్నాయి.

ఇప్పుడు పోయించే వంతు మెర్వ్‌ది.