నిలిచిన అంకె

మంచం కమ్మీకి పసుపు గుడ్డ ముడుపు కట్టి ఉంది.

లోపల ఒక రూపాయి బిళ్ల, నాలుగు బియ్యపు గింజలు. మూతికి బీడీ దారం బిగించింది మా అత్తమ్మ దేవవ్వ. కూతురు గండం గడిచాక విప్పి ఎల్లమ్మకు చెల్లిస్తానని మొక్కు.

నర్సు మొదట తీసేయమంది. తర్వాత ఆమే, పైపులకు అడ్డం రాకుండా పక్కకు జరిపింది.

మంచం మీద మాస్కుతో ప్రమోద, నా భార్య. ఎల్లారెడ్డి నుంచి ఈ కామారెడ్డి ఆస్పత్రికి తెచ్చినప్పటి నుంచి మానిటర్ తెర మీద గుండె అంకె ఎగిరెగిరి పడుతోంది. తొంభై ఆరు. నూట ఎనిమిది. నూట ఒకటి.

"ఏంది అల్లుడా, గా అంకె కుదురుగ ఉండదా? కోతి లెక్క దుంకుతది," అంటుంది అత్తమ్మ.

దుంకనీ, అనుకున్నాను.

మా బిడ్డ అనిల హైదరాబాదులో చదివేది ఇదే. పీల్చే గాలిలో ఆక్సిజన్ తగ్గుతూ పోతే, గుండె దెబ్బకూ దెబ్బకూ నడుమ ఎడం ఎట్లా మారుతుందో లెక్క కడుతుంది. ఎండాకాలం ఇంటికొచ్చినప్పుడు తల్లి వేలికి క్లిప్పు పెట్టి చూపించింది.

"గుండె గడియారం కాదు బాపు. మంచిగున్న గుండె జర ముందు, జర ఎనక కొట్టుకుంటది. గాలి అందక అలిసిపోతే ఒక్క తీరుగ కొట్టుకుంటది."

"మీ బాపు లెక్కల పాఠం తీరుగ," అంది ప్రమోద. "పొద్దుగూకెదాక ఒక్కటే తీరు."

ముగ్గురం నవ్వాం. ప్రమోద నవ్వు దగ్గులోకి తిరిగింది.

ఈ పొద్దున డాక్టరు ఆక్సిజన్‌ను చివరిదాకా తిప్పాడు.

"చూద్దాం సార్," అన్నాడు. నా మొహం చూడలేదు.

మధ్యాహ్నానికి గుండె అంకె నిలిచింది.

నూట పద్నాలుగు. కళ్లద్దాలు తుడుచుకుని చూశాను. నూట పద్నాలుగు.

దాని కింద ఆక్సిజన్ అంకె దిగుతోంది. అత్తమ్మ చూపు పైదాని మీదే ఉంది.

"నిలవడ్డది అల్లుడా! దుంకుడు బందైంది, సూడు!"

కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఊళ్లో పక్కింటి భూమక్కకు ఫోన్ చేసి, బోనం కుండ కడిగి పెట్టమంది.

నా ఫోన్ మోగింది. అనిల. బస్సు రామాయంపేట దాటిందట.

"అంకె ఎట్లుంది బాపు?"

"నిలకడగా ఉంది."

కింది అంకె అడిగింది. చెప్పాను.

"అమ్మమ్మకు చెప్పకు బాపు."

"చెప్ప."

అత్తమ్మ ముడుపు మీదికి వంగి దారం కొస కోసం తడుముతోంది. బతుకంతా బీడీలు చుట్టిన వేళ్లు. గోళ్లు అరిగిపోయాయి. ప్రమోద చిన్నప్పుడు బీడీల చేటలో పొగాకు నింపుతూ ఆమె పక్కనే కూర్చునేది.

"నాకు దొరుకుతలేదు. నువ్వు ఇప్పు బిడ్డా."

వద్దనడానికి నా దగ్గర కారణం ఉంది. ఆమెకు చెప్పగలిగే కారణం లేదు.

కొస పట్టుకుని లాగాను. ఒక్క లాగుకే ముడి వదులైంది.

గుడ్డను గుప్పిట్లో అట్లాగే పట్టుకున్నాను.

"వచ్చిందా?"

"ఇంకా రాలేదు అత్తమ్మా," అన్నాను. "మస్తు గట్టిగ కట్టినవ్."